సీరియలమ్మ రాసిన ముగింపు

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నాలుగు వేల పైచిలుకు ఎపిసోడ్లు రాసింది. ముగింపు మాత్రం ఒక్కటీ రాయలేదు.

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. టీవీ సీరియళ్ళు ముగియవు, ఆగిపోతాయి. ఒక మంగళవారం ఛానల్ వాళ్ళు ఫోన్ చేసి, "మేడమ్, శుక్రవారంతో ఆపేస్తున్నామండీ" అంటారు. అప్పటికి కథలో కోడలు మెట్ల మీద నుంచి జారుతూ ఉంటుంది. శుక్రవారానికి సగం మెట్లు దిగుతుంది. సోమవారం ఆ టైముకి వంటల కార్యక్రమం మొదలవుతుంది. ఆ కోడలు ఇవాళ్టికీ అక్కడే, గాల్లో, ఒక చెయ్యి చాచి ఉన్నట్టే లెక్క. అలా ఆవిడ సాహిత్యంలో మెట్ల మీద ఒకామె, ఆపరేషన్ బల్ల మీద ఇద్దరు, తలుపు గడియ మీద చెయ్యి వేసి ఒక మామగారు శాశ్వతంగా నిలిచిపోయారు.

వీధిలో అందరూ ఆవిడని సీరియలమ్మ అనేవారు. అరవైకి రెండేళ్ళు తక్కువ. రాయడానికి భోజనాల బల్ల దగ్గర కిటికీ వైపు కుర్చీ, ఒక రూళ్ళ పుస్తకం, ఒక పెన్సిలు, నడుము దిగిన జడ. జడ కూడా పనిముట్టే. కథ సాఫీగా నడుస్తున్నంతసేపు అది వీపు మీద ఉండేది. దుష్టపాత్ర ఆలోచనలో పడగానే ముందుకొచ్చేది. ఆవిడ దాని కొసని చూపుడువేలికి చుట్టుకుంటూ పోయేది; చుట్టు బిగిసే కొద్దీ కుట్ర బిగిసేది. ఇంట్లోవాళ్ళు జడ ఎక్కడుందో చూసుకుని మరీ పలకరించేవారు.

ఇంట్లోవాళ్ళంటే ఒక్క భర్తే. ముప్ఫై నాలుగేళ్ళు మందుల షాపు నడిపి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మనిషి. ఆయన జీవితంలో చేసిన రచనంతా మందుల కవర్ల మీదే: 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత.' తన పాఠకులు తాను రాసింది తు.చ. తప్పకుండా పాటించారని, భార్య పాఠకుల గురించి ఆ మాట ఎవరూ అనలేరని ఆయనకి లోలోపల చిన్న గర్వం.

చివరి సీరియల్ ఆగిపోయాక ఇంకో ఛానల్ నుంచి పిలుపు రాలేదు. పని లేని కల్పన ఇంటి మీద పడింది. పొద్దున్నే గంట మోగితే సీరియలమ్మ గుమ్మం దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి పెట్టి, ఆగి, మెల్లగా తల తిప్పి భర్త వంక చూసేది.

"ఆ ఆగడం ఏంటోయ్?"

"ఎవరొచ్చారో అని."

"పాలతనే. పద్దెనిమిదేళ్ళుగా పాలతనే. తలుపు తియ్యి, పాలు విరిగిపోతాయి."

ఇలా పది రోజులు భరించి ఆయన ఒక మందు ఆలోచించాడు. షాపు రోజుల్లో ఆయన దూదీ, పూత మందులూ పంపిన ఒక సంస్థ ఉంది. సైకిళ్ళ గోడౌన్ వెనక రెండు గదులు. కాలు పోయినవాళ్ళకి అక్కడ ఉచితంగా కృత్రిమ కాలు చేసి తొడుగుతారు. దాన్ని నడిపే మేస్త్రికి కాళ్ళు చేయడం వచ్చినంతగా నాలుగు ముక్కలు రాయడం రాదు. భర్త సీరియలమ్మని అక్కడికి తీసుకెళ్ళాడు.

ముందు గదిలో గోడకి వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో కాలు, ఒక్కో కాలికి దారంతో కట్టిన చీటీ. వెనక గదిలో రెండు కడ్డీలు. కొత్త కాలు తొడుక్కున్నవాళ్ళు వాటిని పట్టుకుని నడక నేర్చుకుంటారు. మేస్త్రి ప్లాస్టర్ చేతులు తుడుచుకుని, సాయం చేసే మూడు వందల మందికి నెలనెలా తాను ఫోన్లో పంపే ఉత్తరం చూపించాడు.

'గత నెలలో పద్నాలుగు కాళ్ళు ఇవ్వబడినవి. మూడు కాళ్ళు మరమ్మతు చేయబడినవి. ఒక కాలు వాపసు వచ్చినది. కృతజ్ఞతలు.'

సీరియలమ్మ కళ్ళు మెరిశాయి. "ఆ వాపసు వచ్చిన కాలు ఎవరిదండీ?"

"ఎడమకాలు కావాల్సినాయనకి కుడికాలు వెళ్ళిందమ్మా."

"అయ్యో, మరి అది రాయరేం?"

"పరువు పోతుందని." ఆపైన మేస్త్రి నిజం చెప్పాడు. "ఈ ఉత్తరం ఇద్దరే చదువుతారమ్మా. అందులో నేనొకణ్ణి. పాదాలకి వేసే రబ్బరు అయిపోవచ్చింది. అడగాలంటే ఎలా అడగాలో తెలీదు."

"నా దగ్గర డబ్బూ లేదు, మీ పనీ రాదు. ఉన్నదల్లా కథ చెప్పడం. అదే ఇస్తాను. ఊరికేనే."

ఈ దానం ఎంత ఖరీదైనదో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఆ రోజు కడ్డీల మధ్య ఉన్నది ఒక బార్బరు. రెండు వీధుల అవతల సెలూన్ ఆయనది. చక్కెర జబ్బు వల్ల ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఏడు నెలలైంది. ఆయన కోరిక ఒక్కటే: తన కుర్చీ దగ్గర నిలబడి, ఒక మనిషికి కటింగూ గెడ్డం పూర్తి చేయాలి. నలభై నిమిషాలు.

"స్టూలు మీద కూర్చుని చెయ్యకూడదా?" అంది సీరియలమ్మ.

ఆయన ఆవిడ వంక జాలిగా చూశాడు. "కూర్చుంటే తల ఒక పక్కే కనిపిస్తుందమ్మా. తలకాయ చుట్టూ తిరగాలి. తిరగకపోతే అది కటింగ్ కాదు, కోత."

"మీ కథ ఉత్తరంలో రాయమంటారా?"

"రాయండి. మీసం గురించి కూడా రాయండి. నేను షాపులో లేని ఈ ఏడు నెలల్లో వీధి మొత్తమ్మీద దీన్నొక్కదాన్నే సరిగ్గా కత్తిరించారు, కత్తిరించింది నేనే కాబట్టి."

మీసం మొదటి పేరాలోనే వచ్చింది. ఆఖరి పేరా ఇలా ఉంది: 'ఆయన కడ్డీలు వదిలాడు. బరువంతా కొత్త కాలి మీద మోపాడు. గదిలో నిశ్శబ్దం. అప్పుడు... చీలమండ దగ్గర టక్ మని ఒక చప్పుడు!'

అంతే. కింద మేస్త్రి సంతకం.

నిజానికి ఆ చప్పుడు మేస్త్రి పెన్ను కింద పడ్డప్పటిది. ఆ సంగతి ఉత్తరంలో లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదికి మోగిన ఫోను సాయంత్రం దాకా ఆగలేదు. ఉత్తరం ఫోన్లలో చేతులు మారి మూడు వందలు దాటి మూడు వేల మందిని చేరింది. కాలు విరిగిందా? ఆయన పడ్డాడా? ఒక రిటైరైన జడ్జిగారు స్వయంగా వచ్చి, చీలమండ చూసి, తృప్తిపడి వెళ్ళాడు. రబ్బరు వచ్చింది. మరలు వచ్చాయి. అక్కర్లేని రెండు చేతికర్రలు కూడా వచ్చాయి.

"అమ్మా, వచ్చే నెల కూడా రాస్తారుగా?" అన్నాడు మేస్త్రి, ఇరవయ్యేళ్ళలో మొదటిసారి నవ్వు మొహంతో.

ఇక్కడే తిరకాసు వచ్చింది. ఆవిడ వృత్తిలో ఒక నియమం ఉంది. మొదటి భాగంలో కష్టం ఉంటే చాలు. రెండో భాగానికల్లా ఆ కష్టానికి ఒక మనిషి మొహం ఉండాలి. చక్కెర జబ్బుకి మొహం లేదు, కనుబొమ్మ ఎగరేయలేదు. జడ వీపు మీద నుంచి ముందుకొచ్చింది.

ఆవిడ ఆ మధ్యాహ్నం సెలూన్ దాకా వెళ్ళి అద్దం తలుపులోంచి చూసింది. షాపు నడుపుతున్నది బార్బరు బావమరిది. పార్కులో తోటమాలి, కంచె మొక్కలు కత్తిరించడం ఆయన ఉద్యోగం. తెల్లవారుజామున పార్కు పని ముగించుకుని పది నుంచి ఇక్కడ తలల పని చేసేవాడు. రెంటికీ ఆయన పద్ధతి ఒకటే: పైన చదునుగా, పక్కల నిటారుగా. ఏడు నెలలుగా ఆ వీధి మగవాళ్ళంతా వరసగా నిలబడితే పార్కు సరిహద్దులా ఉండేవారు. సీరియలమ్మ చూసినప్పుడు ఆయన తన బావ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

పొద్దున నాలుగింటికి లేచిన మనిషి మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడని మామూలు వాళ్ళు అనుకుంటారు. నాలుగు వేల ఎపిసోడ్లు రాసిన కంటికి మాత్రం అక్కడ సింహాసనం మీద కన్నేసినవాడు కనిపించాడు.

రెండో ఉత్తరం ఆఖరి పేరా: 'బావమరిది నవ్వుతూ టీ గ్లాసు అందించాడు. ఆ నవ్వు పెదవుల దాకానే వచ్చింది. కళ్ళు మాత్రం కుర్చీ మీదే ఉన్నాయి. ఏమీ ఎరగని బావ గ్లాసు అందుకుని పెదవుల దగ్గరికి తీసుకెళ్ళాడు...'

ఈసారి ఫోన్లు రెండు రోజులు మోగాయి. రెండు వారాల తర్వాత మోగింది సీరియలమ్మ ఇంటి గంట. ఆవిడ గడియ మీద చెయ్యి పెట్టి అలవాటుగా ఆగింది. అవతలి నుంచి, "ఆగకండమ్మా, తియ్యండి! లోపలున్నారని తెలుసు!" అని గట్టిగా వినిపించింది.

వచ్చింది బార్బరు భార్య. అంటే తోటమాలికి అక్క. చేతిలో ఉత్తరం తెరిచిన ఫోను, కొంగులో సెలూన్ తాళంచెవి.

"మా తమ్ముడు మీకేం అపకారం చేశాడమ్మా?"

"కూర్చోమ్మా, ముందు మంచినీళ్ళు..."

"నీళ్ళొద్దు, ఏమీ వద్దు. వాడు చేతికిచ్చిందేదీ ఇప్పుడు వీధిలో ఎవరూ తాగట్లేదు, మీ చేతిది నేను తాగాలా? 'కుర్చీ ఎప్పుడు లాక్కుంటున్నావోయ్' అని ముసలాళ్ళ దగ్గర్నుంచి అందరూ వాణ్ణి ఆట పట్టించడమే. ఒకాయన సగం గెడ్డం మీద లేచి వెళ్ళిపోయాడు, కత్తి చేతిలో ఉంది భయమేస్తోందని! వాడు తాళం నా చేతిలో పెట్టి, 'అక్కా, ఇక నేను రాను' అన్నాడు. వాడు ఏడవడం నేను చిన్నప్పుడు చూశా, మళ్ళీ ఇప్పుడే."

"అది కథమ్మా. కథలో ఒకరు..."

"షాపు ఎనిమిది రోజులు మూసుంది. వీధి చివర కొత్త షాపువాడు ఏసీ పెట్టి పిలుస్తున్నాడు. మా ఆయన ఆగలేక కాలు తొడుక్కుని తనే వెళ్ళాడు. ఇంకా కడ్డీల మధ్య నడుస్తున్న మనిషి! మూడు గంటలు నిలబడ్డాడు. కాలు దూర్చే గిన్నె రాసుకుని మోకాలి కింద పుండైంది. మేస్త్రి కాలు తీసేసుకుని మళ్ళీ మేకుకి తగిలించాడు. మూడు వారాలు తొడగకూడదట. పుండు మానకపోతే..." ఆవిడ మాట అక్కడ ఆగిపోయింది. అది ఉత్కంఠ కోసం ఆపింది కాదు.

ఆవిడ వెళ్ళాక సీరియలమ్మ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. జడ ముందుకు రాలేదు, వెనకా లేదు; కుర్చీ వీపుకి చిక్కుకుని ఉంటే విడిపించుకునే ఓపిక కూడా లేకపోయింది.

"ఇచ్చిన మందు వికటిస్తే ముందు ఆపాలి," అన్నాడు భర్త. "తర్వాత విరుగుడు."

"విరుగుడు ఏంటండీ?"

"ఏదైనా సరే, ఈసారి నువ్వే మింగాలి."

ఆవిడకి తెలిసిన విరుగుడు రాయడమే. ఆ సాయంత్రమే మూడు వేల ఫోన్లకీ సవరణ వెళ్ళింది: 'బావమరిది గురించి రాసినదంతా నా కల్పన. ఆయన మంచివాడు.' గంటలో జవాబులు రావడం మొదలైంది. 'అద్భుతం మేడమ్! ఇప్పుడు మంచివాడిలా నటిస్తున్నాడన్నమాట!' ఇరవై ఆరేళ్ళు కష్టపడి తయారు చేసుకున్న పాఠకులు. మంచివాడన్న మాటని నమ్మడం వాళ్ళకి నేర్పింది ఎవరు గనక?

మర్నాడు ఆవిడ పార్కుకి వెళ్ళింది. తోటమాలి కంచె దగ్గర పెద్ద కత్తెరతో పని చేస్తున్నాడు. ఆవిడని చూసి కత్తెర వెనక దాచేశాడు, ఎందుకైనా మంచిదని.

"నన్ను క్షమించు నాయనా. నిన్ను సరిగ్గా చూసిందీ లేదు, మాట్లాడిందీ లేదు. కునుకు తీస్తుంటే తీసుకొచ్చి కథలో పడేశాను."

"పర్లేదు అమ్మగారూ. మీరు బాగానే రాశారు. చదివాక నాకే అనుమానం వచ్చింది, నేను నిజంగా కుర్చీ వంక అలా చూస్తానేమో అని."

"ఆ టీ సంగతి..."

"రోజూ ఇస్తానండీ. బావకి చక్కెర పడదుగా. హోటలాయన మరిచిపోయి కలిపేస్తాడని పక్కనే నిలబడి విడిగా పెట్టిస్తాను. అదొక్కటే కాస్త కష్టమనిపించింది, టీ గురించి రాయడం."

సీరియలమ్మ కంచె వంక చూసింది. చదునుగా, నిటారుగా, ఎంతో శ్రద్ధగా ఉంది.

"రేపు షాపు తెరువు."

"ఎవరూ కూర్చోరమ్మగారూ."

"నేను కూర్చుంటాను."

శనివారం పదకొండింటికి సీరియలమ్మ సెలూన్‌లో కుర్చీ ఎక్కింది. ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోవడం అదే మొదలు. అద్దం తలుపు అవతల సగం వీధి పోగైంది. చదును తలలన్నీ ఒకే ఎత్తులో. వెనక భర్త బెంచీ మీద పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు.

"ఎలా చెయ్యమంటారు?" అన్నాడు తోటమాలి.

"నీకొచ్చినట్టు."

"నాకొచ్చింది ఒకటేనండీ."

"తెలుసు. కానీ."

జడ మొదటి కత్తెరకి తెగలేదు, రెండోదానికీ తెగలేదు. నాలుగు వేల కుట్రలు చుట్టి చుట్టి గట్టిపడింది మరి. తెగాక ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, మందుల షాపాయన ఒళ్ళో పెట్టాడు. తర్వాత ధైర్యం వచ్చి పని సాగించాడు. అరగంటకి సీరియలమ్మ తల పార్కుకి ఈశాన్య మూలలా తయారైంది. ఆవిడ అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "బాగుంది" అంది. వృత్తి జీవితంలో ఆవిడ అంత పెద్ద కల్పన ఎప్పుడూ చేయలేదు.

అప్పుడు తోటమాలి టీ తెచ్చి ఇచ్చాడు. తలుపు అవతల జనం అద్దానికి మొహాలు ఆనించారు. ఆవిడ గ్లాసు ఎత్తి, ఆపకుండా, ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు బోర్లించి చూపించింది. ముందుగా లోపలికొచ్చింది సగం గెడ్డంతో లేచి వెళ్ళిపోయినాయన. మిగతా సగం ఇన్నాళ్ళూ అలాగే ఉంచుకున్నాడు, కొత్త షాపువాడు ఇంకొకరి పని ముట్టుకోనన్నాడట.

షాపు మళ్ళీ నడిచింది. బార్బరు ఇంట్లో కదలకుండా కూర్చోగలిగాడు. కానీ కాలు ఇంకా మేకునే ఉంది. సీరియలమ్మ రోజూ వర్క్‌షాపుకి వెళ్ళి, "పుండు ఎలా ఉంది?" అని అడిగేది. "మానుతోంది" అనేవాడు మేస్త్రి. ఆ ఒక్క మాట కోసం ఆవిడ రెండు వీధులు నడిచి వచ్చేది. ఇంత మంచి వాక్యాన్ని తాను ఎన్నడూ రాయలేదని ఇంటికెళ్ళి భర్తతో అంది. "మందుల షాపులో రోజూ వినేవాణ్ణి" అన్నాడాయన.

ఇరవై నాలుగో రోజున మేస్త్రి కాలు మేకు నుంచి దించాడు. లోపల మెత్తటి పొర మార్చి, రెండు మేజోళ్ళు తొడిగి బిగించాడు. బార్బరు సెలూన్‌కి వచ్చాడు. భార్య గడియారం చూస్తూ గుమ్మంలో నిలబడింది. బార్బరు వస్తూనే సీరియలమ్మ తల చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఒరేయ్, ఇదేం పనిరా! ఆవిడ ఈ తలతో మూడు వారాలు వీధుల్లో తిరిగారా? మన షాపు పరువేం కాను?"

"బావా, ఆవిడే..."

"మాట్లాడకు. అమ్మా, కూర్చోండి. ముందు ఇది సర్దితే గానీ నేను ఇంకో తల ముట్టుకోను."

ఆయన మొదలుపెట్టాడు. కుడివైపు, వెనక, ఎడమవైపు. తోటమాలి వెనక అద్దం పట్టుకుని బావతో పాటు తిరిగాడు. మేస్త్రి మాత్రం తలకేసి చూడనే లేదు. గోడ పక్కన గొంతుక్కూర్చుని కాలినే చూస్తున్నాడు. పది నిమిషాలు. ఇరవై. ముప్ఫై ఒకటో నిమిషంలో బార్బరు ఎడమ చెవి వైపు తిరుగుతుండగా, చీలమండ దగ్గర టక్ మంది.

ఈసారి ఎవరి పెన్నూ కింద పడలేదు. కత్తెర ఆగింది. అద్దంలో సీరియలమ్మకి ఆయన మొహం కనిపించింది. పెదవులు తెల్లబడ్డాయి, చెయ్యి కుర్చీ వీపుని పట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి సాయంత్రం జనాన్ని సరిగ్గా ఇక్కడే వదిలేసి ఇంటికెళ్ళిన మనిషి, తానే అక్కడ చిక్కుకుపోయి ఉంది. తర్వాత ఏమవుతుందో ఆవిడకి తెలియదు. ఇది ఏ మాత్రం బాగాలేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

మేస్త్రి పాకుతూ వచ్చి చీలమండ తడిమి చూశాడు.

"మర సర్దుకుంది, అంతే. కానివ్వు."

కత్తెర మళ్ళీ మొదలైంది. అది వినిపించాక గానీ ఆవిడ కళ్ళు తెరవలేదు.

"నలభై మూడు నిమిషాలు," అంది గుమ్మంలోంచి భార్య, బార్బరు కత్తెర కింద పెట్టగానే.

ఈసారి రాతకి జడ లేదు. సీరియలమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని చెయ్యి రెండు మూడు సార్లు భుజం మీదికి పోనిచ్చి, ఏమీ దొరక్క, మళ్ళీ పెన్సిల్ పట్టుకుంది. మూడో ఉత్తరం ఆఖరి పేరా ఇది:

'బార్బరు నలభై మూడు నిమిషాలు నిలబడి పని పూర్తి చేశాడు. మధ్యలో ఒక మర సర్దుకుంది. తర్వాత ఆయన కూర్చుని టీ తాగాడు. ఆయన బాగున్నాడు. ఈ కథ అయిపోయింది.'

ఆఖరి మాటని ఆవిడ ఆరుసార్లు కొట్టేసి ఏడోసారి ఉంచింది. భర్త కళ్ళజోడు పెట్టుకుని చదివి, "తిన్న తర్వాత అని చేరిస్తే సరిపోయేది" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త ఎవరూ వినలేదు.

మేస్త్రికి మాత్రం ఒక అభ్యంతరం వచ్చింది. "అయిపోయింది అంటే ఎలాగమ్మా? మేకులకి ఇంకా పదకొండు కాళ్ళున్నాయి."

"వాటికి వేరే ఉత్తరాలు రాద్దాం మేస్త్రి గారూ. ఒక్కోదానికి ఒక్కోటి. అన్నీ అవగొడదాం."

ఉత్తరం వెళ్ళిన మర్నాడు ఫోన్ మోగలేదు. మధ్యాహ్నం దాకా సీరియలమ్మా మేస్త్రీ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. మూడింటికి ఒక్కసారి మోగింది. రిటైరైన జడ్జిగారు.

"అంతా చదివానమ్మా. సంతోషం. కానీ ఒక్క సంగతి తేలలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఆఖర్న ఆ టీ ఇచ్చింది ఎవరు?"

"బావమరిదేనండీ," అంది సీరియలమ్మ.

అవతల నిశ్శబ్దం. ఆవిడకి ఆ నిశ్శబ్దం ఎంత బాగా తెలుసో! ఇంకో రెండు క్షణాలు దాన్ని అలాగే ఉంచితే జడ్జిగారు ఈసారి టీ గ్లాసు చూడడానికి స్వయంగా వచ్చేస్తారు.

"చక్కెర లేకుండా ఇచ్చాడు," అంది ఆవిడ, ఆగకుండా.